తొమ్మిదో విడత

సెలవు రోజు మధ్యాహ్నం. మూడో అంతస్తులోని ప్రయోగశాలలో ఆమె ఒక్కతే ఉంది. పని కొత్తదేం కాదు. ఎరువుకుప్పలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఎంజైము అది. పిండిని ఇట్టే కరిగిస్తుంది గానీ, కాస్త వేడి తగిలితే చతికిలబడుతుంది. దాని జన్యువులో అక్కడక్కడ చిన్న మార్పులు చెయ్యాలి. అలా పుట్టిన రకాలన్నిటినీ వేడిలో పెట్టాలి. బతికిన వాటినే మళ్ళీ మార్చాలి. ఎనిమిది విడతలు అయ్యాయి. ఇవాళ తొమ్మిదోది, తొంభై అయిదు డిగ్రీల్లో.

ఈ పని మొదలుపెట్టింది అక్క. సొంత అక్క కాదు, సీనియరు. కంప్యూటర్ తెరమీద ఎంజైము ఆకారాన్ని తిప్పి తిప్పి చూపిస్తూ, "ఇదిగో, ఈ మడత వదులుగా ఉంది. ఇక్కడ బిగించామంటే మన పిల్ల ఇక దేనికీ జడవదే," అనేది. కిందటేడు ఇదే గదిలో స్పిరిట్ అంటుకుని అక్క కాలిపోయింది. తాను బయటపడగానే తలుపు దానంతటదే మూసుకుపోయిందని ఆమె అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు.

వేడిచేసే యంత్రం ఆగింది. అందులోంచి పళ్ళెం తీసి, ఒక్కో రకం ఉన్న బుల్లి గుంటల్లో పిండినీళ్ళు పోసి, కాసేపాగి తలా ఒక చుక్క అయోడిన్ వేసింది. పిండి మిగిలి ఉంటే నీలం వస్తుంది, కరిగిపోతే రాదు. వరసగా అన్నీ నీలమయ్యాయి. ఏదీ బతకలేదన్నమాట. చివరి గుంటలో మాత్రం నీలం రాలేదు.

అందులో ఎంజైమే లేదు. సరిచూసుకోవడానికి పోసిన ఉత్త నీళ్ళు.

చెయ్యి తడబడి ఉంటుందిలే అనుకుంది. కొత్త పళ్ళెం తీసి, ఈసారి అన్ని గుంటల్లోనూ నీళ్ళే పోసి వేడి చేసింది. పిండి, అయోడిన్. అంతా నీలం. హమ్మయ్య అనుకునేలోపే చివరి గుంటలో రంగు పోయింది. తర్వాత దాని పక్కది... దాని పక్కది... ఎవరో వేలితో తుడుస్తున్నట్టు.

గదిలో స్పిరిట్ వాసన. ఆ వెనకే వెంట్రుకలు కాలిన కమురు.

యంత్రం తీగ పీకేసింది. చిన్న దీపం ఆరింది. అయినా మూత కింద ఏదో కుతకుతమంటూనే ఉంది.

"అక్కా..." అంది.

చెవి పక్కనే పొడిబారిన గుసగుస.

"తలుపు నువ్వే వేశావు కదే..."

"భయమేసిందక్కా. మంట నా మీదకి వస్తుంటే..."

"ఈసారి వెయ్యకు."

వెయ్యలేదు. బార్లా తెరిచి వదిలేసి, మెట్లన్నీ ఒక్క ఊపిరిలో దిగింది. వెనక్కి చూడలేదు.

ఇంట్లో అమ్మ ఆమెను చూడగానే దగ్గరికొచ్చింది. "ఏమైందే? ఎందుకేడుస్తున్నావు?"

ఏడుస్తున్నట్టు ఆమెకు తెలియనే తెలియదు. అమ్మ చూపుడువేలితో చెంప తుడవబోయి, చటుక్కున చెయ్యి లాక్కుంది. వేలి కొస ఎర్రబడింది. ఇద్దరూ చూస్తుండగానే అక్కడ బొబ్బ లేచింది.

ఆమె మెల్లగా తన చెంప తడిమి చూసుకుంది.

చల్లగానే ఉంది.