కూతురు లేని తండ్రికి ఫోన్

జూలై పద్దెనిమిది. ఆ మధ్యాహ్నం తండ్రీకొడుకులు మాడిన ఆమ్లెట్, బ్రెడ్డు తింటున్నారు. లైబ్రేరియన్‌గా రిటైరైన ఆ తండ్రికి, భార్య పోయినప్పటి నుంచి ఆమ్లెట్ మాడని రోజు లేదు. కొడుకు ఏనాడూ వంక పెట్టలేదు. అదే పదివేలు అనుకుంటాడాయన.

బయట వాన. ఆయన ఫోన్ మోగింది. కొడుకు ఫోన్‌లో ఎప్పుడూ చార్జింగ్ ఉండదు, అందుకే రెస్యూమేలో తండ్రి నంబరే ఇచ్చాడు.

"మీ అబ్బాయీ, అమ్మాయీ ఇద్దరూ మా ఆఫీసులో ఉద్యోగానికి అప్లై చేశారండి," అంది అవతల ఆఫీసావిడ. "ఒకే కుటుంబంలోంచి ఇద్దరిని తీసుకోం. రేపు ఇంటర్వ్యూకి ఎవరిని పంపుతారో సాయంత్రంలోగా చెప్పండి."

ఆయన చేతిలోంచి చెంచా జారిపడింది. "మా... అమ్మాయా?"

ఆవిడ ఆ పిల్ల పేరు చదివింది. తండ్రి పేరూ చదివింది. అది ఈయన పేరే.

ఫోన్ పెట్టేసి కొడుకు వైపు చూశాడు. "ఒరేయ్, నాకో కూతురుందట. నీకేమైనా తెలుసా?"

ఆయన ఆ పిల్ల పేరు చెప్పగానే కొడుకు మొహం పాలిపోయింది. "కళ్ళద్దాల షాపువాళ్ళ అమ్మాయి నాన్నా. రెస్యూమే రాయడం రాదంటే నాది ఇచ్చి, వివరాలు మార్చుకోమన్నాను."

కబురందగానే ఆ పిల్ల తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడింది.

"చదువు మార్చాను, అడ్రస్ మార్చాను. అడుగునున్న తండ్రి పేరు, ఫోన్ నంబరు చూడనేలేదంకుల్," అంది నీరసంగా. అంతలోనే కొడుకు మీదికి తిరిగింది. "నీకు చూపించాకే కదా పంపాను? అంతా బాగుందన్నావు. ఏం చూసి అన్నావు మహానుభావా?"

"నిన్ను చూసి," అన్నాడు వాడు. "నువ్వు పక్కన కూర్చుంటే ఇక రెస్యూమే ఏం కనబడుతుంది?"

ఆ మాటకి అందరికంటే ఎక్కువ అదిరిపడింది అన్నవాడే. తండ్రి ఖాళీ కెటిల్‌లోకి తొంగిచూస్తూ ఉండిపోయాడు.

"కళ్ళద్దాల షాపు ఉండి ఏం లాభం," అంది ఆ పిల్ల, నేల చూపులు చూస్తూ. "ఇన్నాళ్ళూ నాకూ కనబడలేదు."

"నేను తప్పుకుంటాలే. నువ్వెళ్ళు ఇంటర్వ్యూకి."

"నీ త్యాగాలేం నాకక్కర్లేదు. తప్పు నాది, నేనే మానేస్తాను."

వీళ్ళ వరస చూసి తండ్రే ఫోన్ అందుకున్నాడు. "అమ్మా, ఆ అమ్మాయి నా కూతురు కాదు. మావాడి రెస్యూమే చూసి రాసుకుంటూ నా పేరు మార్చడం మరిచిపోయింది. ఇద్దరినీ రానివ్వండి."

"కూతురు కాకపోతే మీకేమవుతుందండీ?"

ఆయన ఇద్దరి వైపూ చూశాడు. "అది వాళ్ళింకా తేల్చుకోలేదమ్మా."

ఆవిడ గట్టిగా నవ్వింది. "అయితే ఉద్యోగాలొచ్చేదాకా తేల్చుకోవద్దనండి. ఆ అమ్మాయిని సొంతంగా రాసి మళ్ళీ పంపమనండి. రేపు ఇద్దరూ రావచ్చు."

ఈసారి ఆ పిల్ల పాతదాన్ని చెరిపేస్తూ తన మాటల్లోనే రాసింది. కొడుకు కళ్ళు పక్కకి తిప్పకుండా, ఫోన్ నంబరుతో సహా పైకి చదివాడు. తండ్రి పేరు దగ్గర ఆ పిల్ల వేళ్ళు ఆగాయి.

"మీ పేరు తీసేస్తున్నానంకుల్."

"తీసెయ్యమ్మా. నేనెక్కడికీ పోను."

చీకటి పడ్డాక ఆమెను దిగబెట్టి వచ్చిన కొడుకు నిలువెల్లా తడిసిపోయి ఉన్నాడు.

"గొడుగేదిరా?"

"తనకిచ్చాను. రేపు తెచ్చిస్తానంది."

ఆయన తువ్వాలు అందించి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.