గాల్లో ఆగిన పిల్లి

అన్నం గిన్నె మూత మళ్లీ కనిపించలేదు. పళ్లెం బోర్లిస్తే సరిపోతుంది కదా అన్న పాపానికి అమ్మ నాన్నను కూడా కలిపి దులిపేసింది. మూత పట్టుకెళ్లింది కూతురేనని ఇద్దరికీ తెలుసు. ఎక్కడికో కూడా తెలుసు.

వీధి చివరి పాత హాలులో ఆదివారాలు మూగ కార్టూన్లు వేస్తారు. బొమ్మల పిల్లి నిచ్చెన మీంచి జారినప్పుడల్లా తెర పక్కన కూర్చుని మూతతో చప్పుళ్లు చేసేది ఆ అమ్మాయే. వెనక వరసలో, చేత్తో తిప్పే ప్రొజెక్టర్ దగ్గర ఆపరేటర్. మొదటిరోజే ఇద్దరికీ పడలేదు. పిల్లి పడిపోయాక చప్పుడొస్తే ఎవరు నవ్వుతారని అతను, కాస్త నెమ్మదిగా తిప్పితే మీ సొమ్మేం పోయిందని ఆమె.

"బొమ్మ ఎవరికోసమూ ఆగదండీ," అన్నాడతను.

ఆ తగువు ఎప్పుడు తీపెక్కిందో వాళ్లకే తెలియదు. ఇంట్లో చెప్పిన రోజున మాత్రం అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. చీకట్లో కూర్చుని పిల్లుల్ని కింద పడేసేవాడికి పిల్లనివ్వనంది.

ఈ ఆదివారం హాలు నిండిపోయింది. తెర మీద పిల్లి ఎలుకను తరుముతూ డాబా అంచు దాటి గాల్లోకి నడిచింది. మూత ఎత్తిన అమ్మాయి చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎదురుగా అమ్మ. మూత కోసమే వచ్చింది. వంగి దాని అంచు పట్టుకుంది. అమ్మాయి వదల్లేదు.

పిల్లి ఇంకా పడలేదు. గాల్లో కాళ్లు మెల్లగా, మరీ మెల్లగా ఆడిస్తోంది. అమ్మాయి తలతిప్పి చూసింది. ఆపరేటర్ ఊయల ఊపినంత సుతారంగా హ్యాండిల్ తిప్పుతూ, తెర వైపు కాదు, ఆమె వైపే చూస్తున్నాడు.

అమ్మ అతన్ని చూసింది, కూతుర్ని చూసింది, గాల్లో పిల్లినీ చూసింది. చూస్తూ చూస్తూ పట్టు వదిలేసింది. అమ్మాయి ఎప్పుడో వదిలేసింది. మూత బండల మీద ఖంగున పడింది. సరిగ్గా అదే క్షణాన అతను హ్యాండిల్ గిర్రున తిప్పాడు. పిల్లి దభీమని నేల కరిచింది.

హాలంతా పగలబడి నవ్వింది. అందరికన్నా ఆఖరున ఆగింది అమ్మ నవ్వే.

"మళ్లీ వెయ్యమను," అంది కళ్లొత్తుకుంటూ.

రాత్రి భోజనాల దగ్గర గిన్నె మీద మళ్లీ పళ్లెమే ఉంది. మూత ఇంకా రాలేదా అని నాన్న భయంభయంగా అడిగాడు.

"కొత్తది కొనండి. పాతదానికే చప్పుడు బాగుంది," అంది అమ్మ. తర్వాత కూతురి కంచంలో అన్నం వడ్డిస్తూ, "వచ్చే ఆదివారం షో అయ్యాక వాళ్ల అమ్మానాన్నల్ని తీసుకుని భోజనానికి రమ్మని ఆ అబ్బాయికి చెప్పే వచ్చాను. నీకోసం పిల్లినే పడనివ్వలేదు, నిన్ను పడనిస్తాడా?" అంది.