గాలి ఉన్న ఇల్లు

ఆ సందులో చివరిల్లు ఖాళీగా ఉండేది. దానికి గాలి ఉందని చెప్పుకునేవారు.

రాత్రిపూట ఆ గేటు దగ్గర ఏదో నిలబడుతుందట. కదలదట, మాట్లాడదట. ఎవర్నీ ఏమీ అనదట కూడా. కానీ చూసినవాళ్ళు మళ్ళీ చీకటిపడ్డాక ఆ వైపు అడుగు పెట్టలేదు. ఇస్త్రీ బండి ఆయన తన బండిని సందు మొదట్లోకి మార్చేసుకున్నాడు. ఆటోవాళ్ళు లోపలికి రామన్నారు. గేటుకి ఎదురుగా ఉన్న వీధిదీపం మాడిపోతే, మార్చడానికి వచ్చిన మనిషి పొద్దుండగానే మార్చేసి, నిచ్చెన భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

నిలబడేది ఏమిటని అడిగితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. అడిగినవాళ్ళ మొహం చూసి, గొంతు తగ్గించి — మీకు పిల్లలున్నారా అంటారు.

అలాంటి ఇల్లు ఒక తల్లికి నచ్చింది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. ఉన్న ఊళ్ళో ఉండలేక, పట్టుబట్టి వేరే ఊరికి పని మార్పించుకున్నాడు. వచ్చి లాడ్జిలో దిగారు. ఒకటే గది. ఆమె కుట్టుమిషన్ని విప్పి మంచం కిందకి తోశారు. కిటికీ తెరిస్తే పక్క హోటల్ వంటింటి పొగ, మూస్తే చెమ్మ. తొమ్మిదేళ్ళ చిన్నది రాత్రంతా దగ్గేది. దగ్గు ఆగాక ఛాతీలోంచి సన్నగా ఈల వచ్చేది, మూత సరిగ్గా పడని గిన్నెలోంచి ఆవిరి వచ్చినట్టు. దగ్గుకి కాదు, ఆ ఈలకి తల్లి లేచి కూర్చునేది.

ఇంటికోసం కాళ్ళరిగేలా తిరిగారు. ఒకచోట మిషన్ చప్పుడు పడదన్నారు. ఇంకోచోట ఇంటావిడ అన్నిటికీ ఒప్పుకుని, చిన్నది దగ్గేసరికి రెండడుగులు వెనక్కి వేసి, మా మరిదివాళ్ళు వస్తున్నారండీ, మాటల్లో పడి మర్చేపోయాను అంది. ఇల్లు కట్టి చూడు అన్నవాడు అద్దెకి వెతికి చూసుండడు అని భర్త నవ్వాడు. ఆయన నవ్వుతూనే ఉండేవాడు. ఇంట్లో ఒక్కరైనా నవ్వకపోతే ఎలా అని తనకి తనే పని పెట్టుకున్నట్టుండేది.

బ్రోకరుకి పేరు కూడా ఆయనే పెట్టాడు — పర్లేదుగారు. నీళ్ళు వస్తాయా అంటే పర్లేదు. పక్కవాళ్ళు ఎలాంటివాళ్ళు అంటే పర్లేదు. పైకప్పు కారుతోంది కదండీ అంటే, పర్లేదు సార్, కిందికే కదా కారేది.

ఆమె నీళ్ళ గురించి అడిగేది కాదు. పైకప్పు చూసేది కాదు. ఏ ఇల్లు చూపించినా ఒకటే మాట, రాత్రి ఒకసారి వచ్చి చూస్తాను అని.

రాత్రి ఏం కనిపిస్తుందమ్మా అనేవాడు పర్లేదుగారు.

చెప్పాలంటే మొదట్నించీ చెప్పాలి.

పాత ఊళ్ళో ఇంటిని పగలు చూసి తీసుకున్నారు. వెనక చెట్లు, ముందు ఎండ, కిటికీ తీస్తే పుస్తకంలో పేజీలు వాటంతటవే తిరిగేంత గాలి. చేరాకే తెలిసింది, చెట్ల అవతల ఒక ఫ్యాక్టరీ ఉందని, అందరూ పడుకున్నాక దాని గొట్టాలు తెరుస్తారని. పగలు ఏమీ ఉండదు. అర్ధరాత్రి దాటాక మొదలయ్యేది... ముగ్గిపోయిన పండులాంటి తియ్యటి వాసన. నాలుక మీద ఇనప రుచి. తెల్లారేసరికి అంతా మామూలే, చెబితే ఎవరూ నమ్మరు. మారదాం మారదాం అనుకుంటూనే ఉన్నారు. పెద్దది ఆ ఇంట్లోనే పోయింది. ఒక తెల్లవారుజామున, ఇంకొంచెం ఊపిరి కావాలన్నట్టు నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత తను ఏడ్చిందో లేదో ఆమెకే గుర్తులేదు. వండింది, వడ్డించింది, సామాను కట్టింది. చేతిమీద వేడినూనె చిందితే కాసేపటికి గానీ తెలిసేది కాదు. అన్నీ దూరంగా, ఎవరింట్లోనో జరుగుతున్నట్టుండేవి. ఆమెలో ఒక్క ముక్కు మాత్రం పనిచేసేది.

అందుకని రాత్రిళ్ళు వెళ్ళేది. మొదటిసారి భర్త తనూ వస్తానన్నాడు. చిన్నది ఒక్కతే ఎలా ఉంటుంది, మీరిద్దరూ పడుకోండి అని బూడిదరంగు శాలువా కప్పుకుని బయల్దేరింది. చూడాల్సిన వీధిలోకి వెళ్ళి, లోపలున్న ఊపిరంతా వదిలేసి, మెల్లగా పీల్చేది. నాలుకతో రుచి చూసేది. ఒక్క రాత్రితో తేల్చేది కాదు. గాలి దిశ మారుతుంది. గొట్టాలు రోజూ తెరవరు.

ఒక పేటలో కాలిన రబ్బరు. ఒక పేటలో పచ్చితోళ్ళు. కాలవ పక్కన కొత్త ఇళ్ళ దగ్గర ఏమీ లేదనుకుని సంబరపడితే, ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆ తియ్యటి వాసన... గోడ పట్టుకుని నిలదొక్కుకుని, లాడ్జికి వచ్చి, అది కాదు అంది. ఎందుకని భర్త అడగలేదు.

చివరిల్లున్న ఈ సందొక్కటే శుభ్రంగా ఉంది. ఎన్ని రాత్రులు చూసినా మట్టి వాసన, ఆకుల వాసన, అంతే. కానీ ఆ ఇల్లు వాళ్ళ తాహతుకి మించింది. ఆశ వదులుకున్నారు. అలాంటిది ఒకరోజు పర్లేదుగారే వెతుక్కుంటూ వచ్చాడు. ఓనరు అద్దె తగ్గించాడట. చూడ్డానికి ఎవరూ రావడంలేదట. రేపు పొద్దున్న మాట చెప్పేస్తే తాళంచెవులు ఇచ్చేస్తాడట.

ఎందుకు రావడంలేదని ఆమె అడిగింది. మొట్టమొదటిసారి ఆ మనిషి పర్లేదు అనలేదు. మెడ గోక్కున్నాడు.

ఆ సాయంత్రం సందు మొదట్లో పాలప్యాకెట్లు అమ్మే ఆమెని కదిపి చూసింది, చివరిల్లు ఎలాంటిదని. పాలామె అటూ ఇటూ చూసింది.

"అక్కడ గాలి ఉందక్కా."

"అవును, బాగుంటుంది" అంది తల్లి.

పాలామె ఆమెని ఎగాదిగా చూసింది. "ఆ గాలి కాదక్కా..."

అప్పుడు తెలిసింది, గేటు దగ్గర నిలబడేదాని సంగతి. ఇస్త్రీ బండి సంగతి, ఆటోల సంగతి. ఎలా ఉంటుందట అంటే, నేను చూళ్ళేదు, చూసినవాళ్ళు చెప్పరు, నువ్వు పిల్లల తల్లివి, ఇంతకన్నా నన్ను అడక్కు అని పాలామె ప్యాకెట్లు సర్దుకోవడంలో పడిపోయింది.

లాడ్జికి వచ్చి భర్తకి చెప్పింది. ఆయన వెళ్ళి చిన్నదాని పక్కన కూర్చున్నాడు. తర్వాత, "నిప్పు లేనిదే పొగ రాదంటారు. మనకి పొగ లేకపోతే చాలు, నిప్పు సంగతి తర్వాత చూసుకుందాం" అన్నాడు. నవ్వాడు గానీ, పడుకున్న చిన్నదాని చెవిమీద చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆమెకి భయం వెయ్యలేదు. మునిగినవాడికి చలేమిటి. భయపడ్డానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. కానీ ఒక్కటి తెగలేదు. ఒక గాలి బారి నించి తప్పించిన బిడ్డని తీసుకెళ్ళి ఇంకో గాలికి అప్పజెప్పడమా? పోనీ ఇక్కడే ఉండిపోదామంటే, ఆ ఈల ఎక్కడిదాకా వెళుతుందో ఆమె ఒకసారి చూసింది.

పొద్దున్న మాట చెప్పాలి. శాలువా తీసుకుంది.

సందు మొదట్లో కుక్క తలెత్తి చూసి, మళ్ళీ ముడుచుకుని పడుకుంది. ఇళ్ళన్నీ తలుపులు బిగించుకున్నాయి. కొత్త దీపం కింద చివరింటి గేటు నీడ నేలమీద ఊచలు ఊచలుగా పడింది.

ఎవరూ లేరు.

దగ్గరికి వెళ్ళింది. నిలబడేది ఇక్కడే అయ్యుండాలి అనుకుంది... ఇక్కడే, తన కాళ్ళున్న చోట.

ఎవరైనా ఉన్నారా అంది, గొంతులోనే.

ఆకు కదల్లేదు.

కళ్ళు మూసుకుంది. ఊపిరంతా వదిలేసింది. మెల్లగా పీల్చింది — మట్టి. ఆకులు. ఎక్కడో తడిసిన సున్నం. చెడ్డదేమీ లేదు. మళ్ళీ పీల్చింది. ఏమీ లేదు. ఇంకొక్కసారి పీలుస్తుంటే —

వెనకాల గడియ కదిలింది.

తిరిగి చూసింది.

ఎదుటింటి వాకిట్లో తెల్లగా ఒకటి నిలబడి ఉంది. మనిషెత్తు. బట్టలు తెలుపు. చేతులు తెలుపు. మొహం... మొహం కూడా తెలుపే. కనుబొమ్మలు లేవు. రెప్ప వెయ్యకుండా ఇటే చూస్తోంది.

ఆమె కదల్లేదు. అదీ కదల్లేదు.

ఎంతసేపో అలాగే... తర్వాత దాని పెదాలు విడివడ్డాయి.

"పో..."

గొంతు కాదు, ఉత్త గాలి.

"పో తల్లీ... పో..."

ఆమె వెనక్కి వెనక్కి నడిచింది. మలుపు దాటాక గానీ ఇటు తిరగలేదు. పరిగెత్తలేదు. రోడ్డుమీద ఆగి గుండెమీద చెయ్యి పెట్టి చూసుకుంది. చాన్నాళ్ళకి కొట్టుకుంటోంది.

భర్తకి చెప్పలేదు. చెప్పే వీలు కూడా లేకపోయింది. ఆమె వచ్చేసరికి చిన్నది ఎగశ్వాస తీస్తోంది. వెనక దిండ్లు పేర్చి కూర్చోబెట్టి, చెరోవైపు పట్టుకుని, వీపు నిమురుతూ తెల్లవార్చారు. మధ్యలో కాస్త తెరిపిన పడ్డప్పుడు చిన్నది అడిగింది.

"అమ్మా, నాకూ అక్కకి లాగే అవుతుందా?"

ఆమె కాదని చెప్పాలి. నిమురుతూనే ఉంది.

పొద్దున్నే ముగ్గురూ వెళ్ళారు. పర్లేదుగారు గేటు దగ్గర తాళంచెవులు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆయన తాళంలో చెవి పెట్టబోతుంటే ఆమె ఆగమంది. వెళ్ళి ఎదుటింటి తలుపు కొట్టింది. ఆ వాకిట్లో ఏముందో పట్టపగలు చూడాలి, చూశాకే మాట ఇవ్వాలి.

తలుపు తీసినాయన అప్పుడే పని నించి వచ్చినట్టున్నాడు. తెల్ల ప్యాంటు, తెల్ల బనీను. మోచేతుల దాకా పిండి. కనుబొమ్మల్లో పిండి. మెయిన్‌రోడ్డు మీద బేకరీలో మాస్టరట, రాత్రంతా బ్రెడ్డు పని, మధ్యలో ఒకసారి ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని వెళతాడట.

ఆమె ఆ కనుబొమ్మల్నే చూస్తూ ఉండిపోయింది. ఆయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు.

ఆ ఇంట్లో చేరబోతున్నారా, పిల్ల గలవాళ్ళు, చెప్పకపోతే నాకు పాపం అని మొదలుపెట్టాడు. ఇది ఈ మధ్యే వచ్చిందట. అందరికన్నా ముందు చూసింది తనేనట. ఒళ్ళంతా బూడిదరంగు ముసుగు. గేటు ముందు కళ్ళు మూసుకుని, మొహం పైకెత్తి, ఇంటిని వాసన చూస్తుందట — లోపల పిల్లలున్నారేమోనని. అది పీల్చిందంటే సందులో గాలంతా దాని ముక్కులోకే పోతున్నట్టు చప్పుడట. తను నలుగురికి చెప్పాడు, ఆ నలుగురూ ఊరుకుంటారా. నిన్న రాత్రి ఇంక తెగించి, పొమ్మన్నాను, నా మాట మన్నించి పోయింది కూడా అన్నాడు మాస్టరు.

భర్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆపుకోవాలని చూశాడు. ఇంక తనవల్ల కాక, గేటు ఊచలు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఆ శాలువా మా ఇంట్లోదేనండీ, ఆ దెయ్యంతో నాది పద్నాలుగేళ్ళ కాపరం అన్నాడు. ఆమె రాత్రిళ్ళు తిరగడం, పొగ, వాసన, చిన్నదాని దగ్గు, అన్నీ చెప్పాడు, పెద్దదాని సంగతొక్కటి తప్ప. మా ఆవిడ ఊరికే నిలబడి అద్దె తగ్గించింది, బేరం ఆడటమంటే అదీ అని పర్లేదుగారి వీపు మీద చరిచాడు. పర్లేదుగారు కూడా నవ్వి, పర్లేదు సార్ అన్నాడు.

మాస్టరు ఆమె మొహంలోకి పరకాయించి చూసి సిగ్గుపడ్డాడు. నన్ను చూసి మీరెంత దడుచుకున్నారోనమ్మా అన్నాడు. ఆమె పెదవి కూడా కాస్త కదిలింది.

ఏదైతేనేం, భారం దిగింది, ఇంక తిన్నగా ఈ సందులోంచే డ్యూటీకి పోతాను అంటూ, తల్లి వెనకాల నక్కి ఉన్న చిన్నదాన్ని పలకరించబోయాడు. వంగినవాడు వంగినట్టే ఆగాడు.

"ఈ పాప కాదే."

ఏంటండీ అన్నాడు భర్త, ఇంకా నవ్వుతూనే.

"అమ్మతో వచ్చే పాప. పిల్ల ముందు ఎందుకని ఇందాక అనలేదు. ఆ పాప ఇంకా పొడుగు... అమ్మ భుజం దాకా ఉంటుంది. చిటికెనవేలు పట్టుకుని నిలబడుతుంది." ఆయన ఆమె వైపు తిరిగాడు. "నిన్న రాత్రి కూడా వచ్చింది కదమ్మా."

భర్త నవ్వు ఆగిపోయింది.

పర్లేదుగారి చేతిలో తాళంచెవులు చప్పుడు చేశాయి. చిన్నది తండ్రి మొహం చూసింది, తల్లి మొహం చూసింది.

ఆమె ఒక్క మాట అడిగింది.

"దగ్గుతుందా, ఆ పిల్ల?"

మాస్టరు గుర్తు చేసుకుంటున్నట్టు గేటు వైపు చూశాడు.

"లేదమ్మా" అన్నాడు. "మీరు పీల్చినప్పుడు పీలుస్తుంది. మీరు వదిలినప్పుడు వదులుతుంది. హాయిగా..."

ఆమె పర్లేదుగారి ముందుకి చెయ్యి చాచింది.

"తాళంచెవులు ఇలా ఇవ్వండి" అంది.