ఐదో రోజు

ఉదయం పది గంటలకు కణపఠని యంత్రంలో ఎర్రదీపం వెలిగింది. పిండశాలలో పరీక్షలు చేసే భానుజ గాజుపళ్లెం మీది పేరు చూసింది. రత్నకుమారి, కాకినాడ. ఒక్కటే పిండం. పదకొండింటికల్లా దాన్ని పారవేయాలి.

ఆ రోజుల్లో గర్భాలన్నీ పిండశాలల్లోనే మొదలయ్యేవి. జన్యులోపాల పరీక్షలో నెగ్గని పిండాన్ని గర్భంలో ఉంచడం నేరం. పూర్వం వైద్యులు ఐదో రోజు దాకా ఆగేవారు. అప్పటికి పిండంలో వందకు పైగా కణాలుంటాయి. బిడ్డకు ఆహారమందించే మాయగా మారబోయే పైపొర నుంచి నాలుగైదు తీసి చూసేవారు. ఒకే కణాన్ని పది నిమిషాల్లో చదివే కణపఠని వచ్చాక, ఎనిమిది కణాలుండే మూడో రోజే పరీక్ష ముగించాలని చట్టం చేశారు. పచ్చదీపం వెలిగితే ఆ సాయంత్రమే గర్భంలోకి, ఎర్రదీపం వెలిగితే గంటలో చెత్తలోకి. పన్నెండేళ్లుగా ఐదో రోజు పిండాన్ని అక్కడెవరూ చూడలేదు.

భానుజ తెర మీద రత్నకుమారికి విషయం చెప్పింది. వలల కర్మాగారంలో పనిచేసే ఆవిడకు ముప్పైతొమ్మిదేళ్లు. ఇక అండాలు దొరకవని ముందే తెలుసు. ఆవిడ ఏడవలేదు.

"ఇంకో రెండు రోజులు ఉంచితే ఏమవుద్దండీ?" అని అడిగింది.

ఏమవుతుందో తనకు తెలియదని భానుజకు అప్పుడే తట్టింది. పారవేసినట్టు రాసి, పళ్లేన్ని తిరిగి పిండాలను వెచ్చగా ఉంచే పొదుగుపెట్టెలో పెట్టింది.

ఐదో రోజు సూక్ష్మదర్శినిలో పిండం గుండ్రంగా ఉబ్బి కనిపించింది. చెడిన కణాలను తనంతట తానే అంచుకు నెట్టేసింది. అవి నల్లటి తునకల్లా విడిగా ఉన్నాయి. భానుజ పైపొర నుంచి ఐదు కణాలు తీసి పరీక్షించింది. పచ్చదీపం. మళ్లీ చదివించినా పచ్చదీపమే.

భానుజ ఆ ఫలితాన్ని పిండశాల అధిపతి డాక్టర్ విశ్వపతికి చూపించింది. గర్భంలో ఉంచడానికి అతను ఒప్పుకున్నాడు, కానీ మూడో రోజు యంత్రం పొరపడిందని మాత్రం రత్నకుమారికి చెప్పమన్నాడు.

"పొరపడలేదు సార్. ఆ రోజుకి అది నిజమే. మనం ఆగలేదు, అంతే."

"ఆ మాట బయటికెళ్తే ఇన్నేళ్లూ పారేసినవాటి గురించి అడుగుతారు భానుజా. ఏం చెప్తాం?"

భానుజ రత్నకుమారికి జరిగింది జరిగినట్టు చెప్పింది. పిండం గర్భంలోకి చేరింది. ఆవిడ పట్టరాని సంతోషంతో కర్మాగారంలో తోటివాళ్లకు ఆ సంగతి చెప్పుకుంది.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే పిండశాల గేటు దగ్గర ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మధ్యాహ్నానికి రోడ్డు నిండిపోయింది. నినాదాలు లేవు. ఎవరూ రాయి విసరలేదు. ఏం కావాలని కాపలాదారు అడిగితే, ఒక్కొక్కరూ తమ పిండం పోయిన తేదీ మాత్రం చెప్పారు. కొన్ని తేదీలు పదేళ్ల కిందటివి. విశ్వపతి కిటికీలు మూయించి పోలీసులకు ఫోన్ చేశాడు.

భానుజ తెల్లకోటు విప్పి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. గోడ నీడన కూర్చున్న ఒక పెద్దావిడ కాస్త జరిగి చోటిచ్చింది.

"నీవి ఎన్ని పోయినాయమ్మా?"

"రెండండీ," అంది భానుజ. "నా చేతులతో నేనే పారేశాను."