ఓడినవాళ్లకే కనిపించే మాట

ఆ ఆఫీసులో వాళ్లిద్దరి పరిచయం పోట్లాటతోనే మొదలైంది. జపాన్ నుంచి వచ్చిన ఒక వీడియో గేమ్‌ను అక్కడ మన భాషలోకి తెస్తున్నారు. పైనుంచి రంగురంగుల దిమ్మలు పడుతుంటే వాటిని వరసగా పేర్చి మాయం చేయాలి. ఆ ఆటకో కథ కూడా ఉంది. ఒక కుర్రాడు పన్నెండంతస్తుల మేడ ఎక్కుతుంటాడు, అంతస్తుకొకరు అతనితో పోటీకి దిగుతారు. చిట్టచివరి అంతస్తులో, మెట్ల కిటికీ దగ్గర ఒక అమ్మాయి ఉంటుంది. ఈ కథలోని మాటలన్నిటినీ అనువదించేది ఆమె. ఆడి చూసి తప్పులు పట్టే టెస్టర్ అతను.

మొదటి వారమే ఆమె మాటల మీద నలభై తప్పులు నమోదు చేశాడు. ఇది తెర మీది మాటల పెట్టెలో పట్టలేదు, అది సగంలో తెగిపోయింది అంటూ. ఆమె నేరుగా అతని బల్ల దగ్గరికే వచ్చింది.

“మీవి కళ్లా, భూతద్దాలా?”

“మీవి వాక్యాలా, రైలుబండ్లా?” అన్నాడతను తలెత్తకుండానే.

ఆ రోజు నుంచి ఆమె నోట అతను భూతద్దం గారయ్యాడు. రోజూ నాలుగింటికి ఆఫీసు మెట్ల కిటికీ దగ్గర టీ తాగుతూ పోట్లాట కొనసాగించేవాళ్లు. వాన పడితే ఇంకాసేపు సాగేది. ఆమె వాక్యాలను కుదించడానికి అతనే సాయం చేసేవాడు కానీ, ఆ సంగతి పైకి ఒప్పుకుంటే ఒట్టు.

ఓ సోమవారం ఆమె టీకి రాలేదు. అడిగితే పనుందంది. చివర్న “సార్” అని కూడా తగిలించింది. మూడు వారాలు ఆ సార్‌తోనే గడిచిపోయాయి. ఊరందరి తప్పులూ పట్టేవాడికి తన తప్పేమిటో మాత్రం అంతుచిక్కలేదు. వచ్చే శుక్రవారం ఐదింటికి ఆటను జపాన్ వాళ్లకు అప్పగించేస్తారు. అతని ఒప్పందమూ ఆ రోజుతో సరి. ఆ తర్వాత మరో ఆఫీసు, మరో ఆట. ఆమె మళ్లీ కనబడదన్న ఆలోచనకే అతనికి అన్నం సయించలేదు.

ఇంట్లో అక్క సంగతి లాగి నవ్వింది. “వెళ్లి అడగడానికేంరా? కాదంటుందనేగా నీ భయం. చిన్నప్పుడూ అంతే, ఓడిపోతాననిపిస్తే ఆటే ఆపేసేవాడివి.”

శుక్రవారం మధ్యాహ్నం ఆఖరిసారిగా పన్నెండో అంతస్తు ఆడుతున్నాడు. ఎదుటి వరసలో ఆమె సంచీ సర్దుకుని లేచింది. చూపు అటు పోయింది. పొడవాటి దిమ్మ అడ్డంగా పడింది, దాని మీద మరొకటి. తేరుకునేలోపు తెర నిండిపోయింది. ఆరు నెలల్లో మొదటిసారి ఓడిపోయాడు. ఆటలోని కిటికీ దగ్గరి అమ్మాయి తెర మీంచి అతని వైపు తిరిగింది.

“ఎప్పుడూ గెలవడమేనా, భూతద్దం గారూ? ఓడిపోయినా ఫరవాలేదు. మెట్ల కిటికీ దగ్గరే ఉంటాను. వస్తారా?”

ఆమె అనువదించిన మాటలన్నీ, వాటి పక్కన తను రాసే తనిఖీ ముక్కలూ ఉండే పట్టిక తెరిచాడు. ఆ వాక్యం పక్కన, మూడు వారాల కిందటి తేదీతో, తన పేరుతోనే ఉంది: ‘చూశాను. మార్పేమీ అక్కర్లేదు.’ నిజానికి అతను చూడనేలేదు. ఓడితే వచ్చే మాటలు ఓడనివాడికి కనబడవు. కావాలని ఓడటానికి మనసొప్పక, అలాంటివాటన్నిటి పక్కనా అదే ముక్క అతికించేశాడు. ఆమె మనసు విప్పి అడిగితే తను ముద్ర గుద్ది పంపాడన్నమాట. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

పరుగున వెళ్లేసరికి ఆమె మెట్లు దిగుతోంది. కిటికీ దగ్గర ఆగింది.

“చూడకుండానే చూశానని రాశాను,” అన్నాడు. ఆ పనిలో అంతకు మించిన తప్పు లేదు. “ఇప్పుడే ఓడిపోయాను. ఇప్పుడే చదివాను.”

“మార్పేమీ అక్కర్లేదంటే, ఇంతటితో ఆగమన్నారనుకున్నాను,” అందామె మెల్లగా.

“మీరంటే నాకిష్టం. ఎక్కడ కాదంటారోనని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.”

ఆమె కళ్లు తుడుచుకుని సంచీని కిటికీ గట్టు మీద పెట్టింది. జపాన్ వాళ్లు రాసింది ‘మళ్లీ ప్రయత్నించు’ అని మాత్రమేనట. అతని జవాబు చూసిన రోజే తన మాట తీసేయాల్సింది, చేతులు రాలేదట. ఇంకా గంట టైముంది, తప్పు నమోదు చేస్తే మార్చేస్తానంది.

అతను ఫోన్‌లోనే రాశాడు: ‘పన్నెండో అంతస్తు, ఓడినప్పటి మాట. మూలంలో లేదు. తీసేయాలి.’

“తీసేయమంటారా?” అందామె చదివి.

“తీసేయండి. చేరాల్సినవాడికి చేరింది.”

ఆమె మెట్లెక్కుతూ వెనక్కి తిరిగింది. “టీ తెచ్చి ఉంచండి, భూతద్దం గారూ. పది నిమిషాల్లో వస్తాను.”

అతను రెండు కప్పులు తెచ్చి, కిటికీ దగ్గర నిలబడ్డాడు.