కెమెరాలో కూర్చున్న మనిషి

పెనుకొండ దాటి హిందూపురం వైపు పోతుంటే, రోడ్డుకు ఎడమ పక్కన, మల్బరీ తోటల వెనకాల ఒక రేకుల షెడ్డు ఉంది. మొదట్లో అది పట్టుగూళ్ల నుంచి దారం తీసే షెడ్డు. ఆ తర్వాత కొయ్యపని షెడ్డు అయింది. ఆ తర్వాత రెండేళ్లు తాళం పడి ఉండిపోయింది.

తాళం పడి ఉన్నా... రాత్రిపూట రేకుల సందుల్లో చిన్న వెలుతురు కదిలేదట. లోపల ఎవరో దగ్గేవాళ్లట. తోటకు నీళ్లు కట్టడానికి రాత్రి కరెంటు కోసం కాచుకునే రైతులు ఎంత చలి ఉన్నా ఆ గోడ చాటుకు మాత్రం పోయేవాళ్లు కాదు.

అంతా ఓబులేసు పోయినప్పటి నుంచి.

కంప్యూటరులో బొమ్మ ఎక్కిస్తే దాని ప్రకారం కొయ్యను చెక్కే మిషను ఒకటి అప్పుడు ఆ షెడ్డులో ఉండేది. ఓబులేసు దాన్ని నడిపేవాడు. ఒక రాత్రి, తెల్లవార్లూ సాగే పని పెట్టి, అలసిపోయి పక్కనే నడుం వాల్చి నిద్రపోయాడు. మిషను కొసన తిరిగే బిట్టు మొండిబారింది. కొయ్యను కోయడం మాని రాపాడడం మొదలుపెట్టింది. ఆ రాపిడికి లేచిన నిప్పురవ్వ కొయ్యపొట్టుతో పాటు దాన్ని పీల్చే గొట్టంలో పడి, పొట్టు సంచిలోకి చేరింది. పొట్టు వెంటనే మండదు. గంటల తరబడి పొగ పెడుతుంది. ఆ పొగలోనే ఓబులేసు ఊపిరి ఆగిపోయింది... మంట లేచేసరికి మనిషి లేడు.

ఆ షెడ్డునే పోయిన ఏడాది ఆదెప్ప తీసుకున్నాడు.

ఆదెప్పది పరిగి. బెంగళూరులో పదేళ్లు ఇలాంటి మిషన్ల మీదే పని చేసి, ఒకటి సొంతంగా తెచ్చుకున్నాడు. జరిగింది అతనికి తెలుసు. తెలుసు కాబట్టే చాలా జాగ్రత్తగా ఉండేవాడు. మిషను తిరుగుతున్నంతసేపూ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పలకను బిగించిన క్లాంపులను గంటకొకసారి చేత్తో తట్టి చూసేవాడు. శబ్దం కాస్త మారినా ఎర్ర బటను నొక్కి ఆపేసేవాడు. సంచి సగం నిండగానే పొట్టు బయట కుమ్మరించేవాడు. ఎనిమిది నెలల్లో ఒక్క రాత్రి కూడా మిషనును ఒంటరిగా వదల్లేదు. దెయ్యమూ కనపడలేదు.

వదిలింది ఒక్క రాత్రే.

రొళ్ల దగ్గర ఒక గుడికి టేకు తలుపుల మీద దేవుడి బొమ్మలు చెక్కాలి. ఒక్కో రెక్కకు ఇరవై గంటల పని. రెండో రెక్క మధ్యాహ్నం మొదలైంది, మర్నాడు పొద్దున గాని అయిపోదు. ఆ రాత్రే ధర్మవరంలో అతని బామ్మర్ది రవితేజ పెళ్లి విందు. పెళ్లాం నీలావతి పొద్దుటి నుంచి నాలుగుసార్లు ఫోను చేసింది. ఒక్కగానొక్క తమ్ముడి పెళ్లికి మొగుడు రాకపోతే పుట్టింటి వాళ్లకు మొహం ఎట్లా చూపించేదని ఏడ్చింది.

మిషనును ఆపి పోవచ్చు. కానీ సగంలో ఆపి మళ్లీ మొదలుపెడితే బిట్టు వెంట్రుకవాసి పక్కకు దిగినా దేవుడి మొహం మీద గీత పడుతుందని ఆదెప్ప భయం. రవితేజ పోయిన వారమే షెడ్డులో ఒక కెమెరా బిగించి, ఫోనులో ఎట్లా చూడాలో నేర్పిపోయాడు. ఇంకేం, చూస్తూ ఉంటే సరిపోతుంది కదా... మూడు నాలుగు గంటల్లో వచ్చేయొచ్చు కదా...

తాళం వేసి, బండెక్కాడు.

ధర్మవరంలో రెండో పంక్తిలో కూర్చున్నాడు. ఫోనును నీళ్ల గ్లాసుకు ఆనించి పెట్టుకున్నాడు. బొమ్మలో మిషను తల అటూ ఇటూ నిదానంగా పోతోంది. పక్కన ఖాళీ స్టూలు. ఒక ముద్ద తిని చూశాడు. మిషను పోతోంది. ఇంకో ముద్ద తిని చూశాడు.

స్టూలు ఖాళీగా లేదు.

ఎవరో కూర్చుని ఉన్నారు. వీపు కెమెరా వైపు. తల మీద ఏదో కప్పుకున్నట్టుంది. కదలడం లేదు... ఊరికే మిషను వైపు చూస్తున్నట్టుంది.

ఆదెప్ప చేయి విస్తట్లోనే ఆగిపోయింది. వడ్డిస్తున్న నీలావతిని కొంగు పట్టి వంచి, ఫోను చూపించాడు.

"షెడ్డులో ఎవరో ఉండారు," అన్నాడు గొంతు దించి.

"తాళం ఎయ్యలేదా?"

"ఏసినా."

నీలావతి ఇంకోసారి చూసింది. పోవద్దని అనబోయి, అతని మొహం చూసి విస్తరి పక్కకు తీసింది.

చేయి కడుక్కుని బయటపడ్డాడు. షెడ్డు పక్క తోట రైతుకు ఫోను చేసి, ఒక్కసారి షెడ్డు దాకా పోయి చూడమని బతిమాలాడు. పగలైతే పోతాను గాని ఈ పొద్దులో ఆ షెడ్డుకు రానని ఆ రైతు ఫోను పెట్టేశాడు.

దారిలో ఒకచోట బండి ఆపి చూశాడు. మిషను తిరుగుతోంది. ఆ ఆకారం అట్లే కూర్చుని ఉంది.

ఇంకొంత దూరం పోయి మళ్లీ చూశాడు. బొమ్మ మసకగా ఉంది. కెమెరా అద్దం మీద దుమ్ము పడిందేమో అనుకున్నాడు. వేలితో ఫోను తుడిచాడు కూడా. మసక పోలేదు. అది మెల్లగా కదులుతోంది... పైకి లేస్తోంది...

పొగ.

అంతవరకూ దెయ్యానికి భయపడ్డ మనిషి, ఆ క్షణాన దెయ్యాన్నే మర్చిపోయాడు. పెనుకొండ కొండ పక్కకు వచ్చేసరికి సిగ్నలు పోయింది. పొగలో కూర్చున్న ఆ వీపు దగ్గరే బొమ్మ బిగుసుకుపోయింది.

షెడ్డు ముందు బండి దిగేసరికి లోపల చప్పుడు లేదు. మిషను ఆగిపోయి ఉంది. తెల్లవారేదాకా తిరగాల్సిన మిషను... గబగబా తాళం తీశాడు.

తలుపు తీయగానే పొగ మొహాన కొట్టింది. తువ్వాలు ముక్కుకు కట్టుకుని లోపలికి దూరాడు. పొట్టు సంచిని ఊడబెరికి, బయటికి ఈడ్చి, తొట్టి నీళ్లన్నీ కుమ్మరించాడు. సంచి చీలింది. లోపల నల్లటి పొట్టు మధ్యన ఎర్రటి ముద్ద ఒకటి బుస్సుమంది. ఇంకో పావుగంట ఆగి ఉంటే మంట రేకులను అందుకునేది.

మళ్లీ లోపలికి పోయి, పొగలో మిషను మీదికి వంగి చూశాడు. ఒక క్లాంపు వదులై, పలక జరిగి ఉంది. బిట్టు ఒకేచోట రాపాడి, చెక్కుతున్న దేవుడి భుజం మీద నల్లటి గాడి పడింది. మిషను పక్కన ఎర్ర బటను లోపలికి నొక్కి ఉంది.

వెనక, పొగలో, స్టూలు మీద నుంచి దగ్గు వినిపించింది.

ముసలామె. తల మీద కొంగు కప్పుకుని, ఒళ్లో చిన్న టార్చిలైటు పెట్టుకుని ఉంది. ఆదెప్ప ఆమెను ఎత్తుకున్నట్టే బయటికి తెచ్చి, గోడకు ఆనించి కూర్చోబెట్టి, నీళ్లు తాగించాడు. దగ్గు తగ్గాక ఎవరని అడిగాడు.

ఆమె నల్లమ్మ. ఓబులేసు తల్లి.

కొడుకు పోయినప్పటి నుంచి రాత్రిళ్లు ఇంట్లో ఉండలేకపోయిందట. వెనక తలుపు గొళ్లెం ఆ అగ్గిలోనే ఊడిపోయింది, ఎవరూ బాగు చేయలేదు. తోస్తే తెరుచుకుంటుంది. వచ్చి, వాడు పోయిన చోట కాసేపు కూర్చుని పోయేది. ఆదెప్ప వచ్చినాక లోపలికి రాలేదు. మిషను చప్పుడు వినిపించిన రాత్రి బయటి నుంచి చూసి, మనిషి మేలుకుని ఉంటే వెనక్కి పోయేది. ఈ రాత్రి చప్పుడుంది, వాకిట్లో బండి లేదు.

"ఉత్త మిషనును ఎట్ల ఇడిసిపెట్టేది నాయనా? ఎవరో ఒకరు కాపు ఉండల్ల గదా," అంది.

ఆదెప్పకు సిగ్గుతో తల వాలిపోయింది. ఇన్నాళ్లూ జనం భయపడింది ఈమెను చూసా... తను పెళ్లి భోజనం తింటూ ఫోనులో చూసి వణికింది ఈమెనా... ఆమె కాళ్ల దగ్గరే కూలబడ్డాడు.

"అవ్వా, నువ్వు ఆ ఎర్ర బటను నొక్కకపోయింటే ఈపాటికి షెడ్డు కాలిపోయుండు. నువ్వూ..."



నల్లమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను యాడ నొక్కినా?" అంది. "నాకు ఆ మిషను సంగతే తెలీదు. పొగ వస్తాంటే లెయ్యల్లని చూసినా... కాళ్లు ఆడలా."

"మరి ఎవరు నొక్కినారు?"

ఆమె కొంగు సవరించుకుంది. అతని చెవి దగ్గరికి వంగింది. పక్కన ఎవరో నిద్రపోతుంటే మాట్లాడినట్టు... అంత మెల్లగా చెప్పింది.

"వాడే వచ్చి నొక్కినాడు నాయనా. ఈ తూరి... మెలకువ వచ్చింది వానికి."