అమ్మ అడిగిన మాటలు

"ఇది పచ్చి అన్యాయం!"

మిట్టమధ్యాహ్నం ట్రైనింగ్ సెంటర్ మెట్ల మీద నిలబడి డిక్షనరీ అరిచింది. ఆ పిల్లకు అసలు పేరు వేరే ఉంది. కానీ ఐదో తరగతిలో ఎవరికీ రాని ఇంగ్లీషు మాటలన్నీ తనకే వచ్చు కనుక బడిలో అందరూ అలాగే పిలుస్తారు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

ఆమె చేతిలో అమ్మ మార్కుల కాగితం ఉంది. ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో ముప్పైకి తొమ్మిది! ఇది ప్రాక్టీసు పరీక్షే. అసలుది శనివారం. అది పాసయితేనే నర్సుగా పనిచేసే అమ్మకు కొత్త ఆసుపత్రిలో పగటి డ్యూటీ దొరుకుతుంది. రాత్రిళ్లు ఇంట్లో ఉంటుంది.

"నెల రోజులు నేర్పాను. రోజుకు పది చొప్పున మూడొందల మాటలు! తొమ్మిది మార్కులేనా? ఆ టీచర్ సంగతేమిటో ఇప్పుడే అడుగుతాను!"

అమ్మ ఆపేలోగా లోపలికి దూసుకుపోయింది.

టీచర్ కళ్లజోడు సవరించుకుంది. "మీ అమ్మగారిని ఒక్కటే అడిగానమ్మా. కాలు నొప్పితో పేషెంట్ వచ్చాడు, అతనితో మాట్లాడండి అన్నాను. మీ నొప్పి మహాద్భుతంగా ఉంది అన్నారు. ఆ తర్వాత ఆగిపోయారు."

డిక్షనరీ చెవులు ఎర్రబడ్డాయి. బయటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడింది.

"ఎందుకమ్మా అలా చెప్పావ్? నా పరువు తీసేశావ్!"

ఎప్పుడూ నెమ్మదిగా ఉండే అమ్మకు ఆ మాటతో ఒళ్లు మండింది. మండదూ మరి?

"పరీక్ష నాది, పరువు నీదా? పెద్ద మాటలు చెబితేనే మార్కులన్నావు, చెప్పాను! వాపు, దురద, తిమ్మిరి... ఇవి నేర్పవే అని ఎన్నిసార్లు అడిగాను? చిన్నపిల్లల మాటలని ఎర్ర పెన్నుతో కొట్టేశావు. ఒక్కరోజైనా నా మాట వినిపించుకున్నావా?"

డిక్షనరీ మార్కుల కాగితం మడిచి అమ్మ చేతిలో పెట్టి ఇంటిదారి పట్టింది.

ఇంటికి రాగానే ఆ పిల్ల మంచమెక్కి పడుకుంది. అలిగిందేమో అనుకుంది అమ్మ.

"నర్సమ్మా, కాలు నొప్పి!" అని మూలిగింది డిక్షనరీ.

అమ్మ కోపం ఇంకా తగ్గలేదు. అయినా వచ్చి పక్కన కూర్చుంది. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, నడవగలవా అని తడుముకుంటూ ఇంగ్లీషులో ఒక్కొక్కటే అడిగింది. పేషెంట్ బుద్ధిగా జవాబులు చెప్పింది.

"కాలు తిమ్మిరెక్కిందా అని ఎలా అడగాలే?"

డిక్షనరీ ఠక్కున నోరు తెరిచింది. తను నేర్పిన మూడొందల మాటల్లో ఆ మాట లేదు. అసలు ఆ మాట తనకే రాదు!

ఇదివరకైతే ఏదో ఒక పెద్ద మాట అంటగట్టి ఊరుకునేదే. ఇప్పుడు మంచం దిగి, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి అమ్మ ఎదురుగా కూర్చుంది.

"నాకూ తెలీదమ్మా, వెతుకుదాం," అంది. "ఇంకా ఏమేం కావాలో నువ్వు చెప్పు. నేను రాసుకుంటాను."